మేజర్ పద్మపాణి ఆచార్య: ద్రాస్ శిఖరాలపై పోరాటం – మహావీర చక్ర పురస్కారం

(విశేష వ్యాసం)

1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ సెక్టారులోని ‘నోల్’ అనే శత్రు స్థావరాన్ని స్వాధీనం చేసుకునే ప్రయత్నంలో ప్రాణాలర్పించిన మేజర్ పద్మపాణి ఆచార్యకు భారత ప్రభుత్వం మరణానంతరం మహావీర చక్ర పురస్కారాన్ని ప్రదానం చేసింది. హైదరాబాద్‌లో విద్యాభ్యాసం చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడై సైన్యంలో చేరిన ఈ పదాతి దళ అధికారి మరణించే నాటికి 31 సంవత్సరాల వయస్సు నిండి వారం రోజులు మాత్రమే అయింది. ఏటా జూలై 26న కార్గిల్ విజయ దినోత్సవం సందర్భంగా ఆయన పేరు పత్రికలలో, సభలలో ప్రస్తావనకు వస్తుంది. ఆ రాత్రి పోరాటం ఏ పరిస్థితులలో జరిగింది, ఆ స్థావరానికి అంతటి ప్రాధాన్యం ఎందుకు ఏర్పడింది, మహావీర చక్ర అనే గౌరవానికి దేశ పురస్కారాల వ్యవస్థలో గల స్థానం ఏమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

హైదరాబాద్ నుంచి ద్రాస్ వరకు

పద్మపాణి ఆచార్య 1968 జూన్ 21న జన్మించారు. ఒడిశా మూలాలు గల ఆయన కుటుంబం హైదరాబాద్‌లో స్థిరపడింది. తండ్రి భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్ హోదాలో పనిచేశారు. సైనిక జీవితంలోని క్రమశిక్షణ, తరచు బదిలీలు, యుద్ధ కాలపు నిరీక్షణ ఆ ఇంటికి కొత్తవి కావు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పొందిన అనంతరం ఆచార్య మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, 1994లో రాజ్‌పుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్‌లో అధికారిగా నియమితులయ్యారు. పట్టభద్రులైన యువకులను సైనికాధికారులుగా తీర్చిదిద్దే ఈ అకాడమీ ద్వారా దక్షిణాది రాష్ట్రాల నుంచి అనేకులు సైన్యంలో ప్రవేశించారు.

రాజ్‌పుతానా రైఫిల్స్ భారత సైన్యంలోని రైఫిల్ రెజిమెంట్లలో అత్యంత ప్రాచీనమైనది. దీని మూలాలు 1775 నాటివి. రెజిమెంట్ కేంద్రం ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉన్నది. ‘వీర భోగ్యా వసుంధరా’ దీని ఆదర్శ వాక్యం. ఈ రెజిమెంట్ జవానులలో అత్యధికులు ఉత్తర భారత రాష్ట్రాలకు చెందినవారు. హైదరాబాద్‌లో పెరిగిన అధికారి ఆ జవానుల భాషను, ఆచారాలను, ఆహారపు అలవాట్లను తనవిగా చేసుకుని వారికి నాయకత్వం వహించడం భారత సైన్యపు సంప్రదాయం. ఆచార్యతోపాటు అదే రాత్రి అదే బెటాలియన్‌లో పోరాడిన అధికారులలో నాగాలాండ్‌కు చెందిన యువకుడు కూడా ఉండటం ఈ సంప్రదాయానికి నిదర్శనం.

యుద్ధ నేపథ్యం

1999 ఫిబ్రవరిలో భారత, పాకిస్తాన్ ప్రధానమంత్రులు లాహోర్ ప్రకటనపై సంతకాలు చేశారు. అదే శీతకాలంలో పాకిస్తాన్ సైనికులు నియంత్రణ రేఖను దాటి కార్గిల్, ద్రాస్, బటాలిక్, ముష్కో ప్రాంతాలలోని ఎత్తయిన శిఖరాలను రహస్యంగా ఆక్రమించారు. తీవ్రమైన మంచు కారణంగా శీతకాలంలో ఖాళీగా ఉండే ఆ స్థలాలలో రాళ్లతో బంకర్లు నిర్మించుకుని, ఆహారం, మందుగుండు నిల్వ చేసుకున్నారు. మే నెల ఆరంభంలో స్థానిక గొర్రెల కాపరులు అందించిన సమాచారంతో చొరబాటు వెల్లడైంది. తొలుత వీరు తీవ్రవాదులని భావించినప్పటికీ, పాకిస్తాన్‌కు చెందిన నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులు ఇందులో ప్రధాన పాత్ర వహించినట్లు అనంతరం స్పష్టమైంది.

చొరబాటుదారులు ఆక్రమించిన శిఖరాలలో అనేకం శ్రీనగర్–లేహ్ జాతీయ రహదారికి ఎదురుగా ఉన్నాయి. లద్దాఖ్‌కు, సియాచిన్ ప్రాంతంలోని సైనికులకు అవసరమైన సామగ్రి చేరవేతకు ఈ రహదారి ప్రాణనాడి వంటిది. వేసవి నెలలలో మాత్రమే రాకపోకలకు అనువుగా ఉండే ఈ మార్గంలోనే శీతకాలానికి సరిపడ నిల్వలు తరలించవలసి ఉన్నది. శిఖరాలపై నుంచి శత్రువు రహదారిపై వెళ్లే వాహనాలను ప్రత్యక్షంగా చూడగలిగేవాడు, శతఘ్నుల కాల్పులను వాటిపైకి మళ్లించగలిగేవాడు. ఆ వేసవిలో శిఖరాలు చేజిక్కకపోతే లద్దాఖ్ శీతకాలమంతా కష్టాల పాలు కావలసి వచ్చేది. అందువల్లనే ద్రాస్ సెక్టారుకు ప్రథమ ప్రాధాన్యం లభించింది.

సైన్యం ‘ఆపరేషన్ విజయ్’ పేరిట చర్యలు చేపట్టింది. వైమానిక దళం మే 26న ‘ఆపరేషన్ సఫేద్ సాగర్’ ప్రారంభించింది. నియంత్రణ రేఖను దాటరాదన్నది ప్రభుత్వ నిర్ణయం. అంతర్జాతీయంగా ఈ సంయమనం భారత్‌కు గౌరవాన్ని, మద్దతును సంపాదించిపెట్టింది. యుద్ధభూమిలో మాత్రం దీని అర్థం వేరు. శత్రువును వెనుక నుంచి చుట్టుముట్టడానికి, అతని సరఫరా స్థావరాలను రేఖకు ఆవల దెబ్బతీయడానికి అవకాశం పరిమితమైంది. తమ భూభాగంలో నిలిచి, కింది నుంచి పైకి ఎక్కుతూ, ఎదురుగా ఉన్న తుపాకులవైపు నడవడమే పదాతి దళానికి ప్రధాన మార్గమైంది.

తోలోలింగ్ నుంచి నోల్ వరకు

ద్రాస్ పట్టణానికి సమీపంలో, రహదారికి ఎదురుగా నిలిచిన తోలోలింగ్ పర్వతం ఈ సెక్టారులో తొలి లక్ష్యమైంది. మే చివరి వారం నుంచి 18వ గ్రెనేడియర్స్ బెటాలియన్ దీనిపై పదేపదే దాడులు జరిపి తీవ్ర నష్టాలను చవిచూసింది. మేజర్ రాజేష్ అధికారి, బెటాలియన్ ఉప కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ ఆర్. విశ్వనాథన్ ఈ దశలోనే నేలకొరిగారు. అనంతరం రెండవ రాజ్‌పుతానా రైఫిల్స్‌కు ఈ బాధ్యత అప్పగించడం జరిగింది. లెఫ్టినెంట్ కర్నల్ ఎం.బి. రవీంద్రనాథ్ ఆ బెటాలియన్ కమాండింగ్ అధికారి. జూన్ 12, 13 తేదీల మధ్య రాత్రి జరిగిన దాడిలో తోలోలింగ్ భారత సైన్యం వశమైంది. ఆ దాడికి ముందు నిలిచిన మేజర్ వివేక్ గుప్తా ప్రాణాలు కోల్పోయారు. ఆయనకు మరణానంతరం, నాయక్ దిగేంద్ర కుమార్‌కు సజీవునిగా మహావీర చక్ర లభించాయి.

తోలోలింగ్ విజయం యుద్ధ గతిని మార్చింది. ఆ ఎత్తుల నుంచి తదుపరి శిఖరాలపై దాడులకు మార్గం ఏర్పడింది. జూన్ 20 నాటికి పాయింట్ 5140 స్వాధీనమైంది. ఆ తరువాతి అడ్డంకి ‘త్రీ పింపుల్స్’ అని సైన్యం పిలిచిన శిఖర సముదాయం. నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే ఎత్తులు ఒకే కొండ వరుసలో ఒకదానికొకటి రక్షణగా ఉన్నాయి. ఒకదానిపైకి ఎక్కేవారిపై మరొకదాని నుంచి కాల్పులు జరిపే విధంగా శత్రువు తన మెషిన్ గన్‌లను అమర్చుకున్నాడు. ఈ వరుస శత్రువు చేతిలో ఉన్నంతకాలం రహదారికి పూర్తి భద్రత లేదు. టైగర్ హిల్ వైపు సాగవలసిన దాడులకు కూడా ఇది అవరోధమే.

56వ మౌంటెన్ బ్రిగేడ్ పర్యవేక్షణలో ఈ సముదాయంపై దాడికి ప్రణాళిక సిద్ధమైంది. పక్కనే ఉన్న పాయింట్ 4700 లక్ష్యం 18వ గఢ్వాల్ రైఫిల్స్‌కు, త్రీ పింపుల్స్ లక్ష్యం రెండవ రాజ్‌పుతానా రైఫిల్స్‌కు అప్పగించబడ్డాయి. రెండు వారాల క్రితమే తోలోలింగ్‌పై అధికారులను, జవానులను కోల్పోయిన బెటాలియన్ మళ్లీ ముందుకు కదిలింది. మొదట చేజిక్కవలసిన స్థావరం నోల్. దానిపై దాడి బాధ్యత మేజర్ పద్మపాణి ఆచార్య నాయకత్వంలోని కంపెనీకి లభించింది.

కంపెనీ దాడి అంటే ఏమిటి

ఆచార్య ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం విలువ తెలియాలంటే పదాతి దళ నిర్మాణాన్ని స్థూలంగా అవగాహన చేసుకోవలసి ఉన్నది. బెటాలియన్‌లో సుమారు 800 మంది ఉంటారు. బెటాలియన్‌లో పలు కంపెనీలు, ప్రతి కంపెనీలో సాధారణంగా మూడు ప్లాటూన్లు, ప్రతి ప్లాటూనులో సుమారు 30 నుంచి 35 మంది ఉంటారు. కంపెనీకి సాధారణంగా మేజర్ హోదా గల అధికారి నాయకత్వం వహిస్తారు. యుద్ధంలో ఉన్న కంపెనీ బలం గాయాలు, అస్వస్థత కారణంగా కాగితంపై ఉన్న సంఖ్య కన్న తక్కువగానే ఉంటుంది.

దాడి సమయంలో ఒక ప్లాటూను ముందు నడుస్తుంది. మరొకటి దానికి తోడుగా గాని, వేరొక పార్శ్వం నుంచి గాని కదులుతుంది. కనీసం ఒక భాగాన్ని కమాండర్ తన వద్ద రిజర్వుగా ఉంచుకుంటారు. ముందున్నవారు స్థావరాన్ని చేజిక్కించుకుంటే రిజర్వును ప్రయోగించి విజయాన్ని స్థిరపరచుకోవడం, వారు నిలిచిపోతే దాడిని మళ్లీ కదిలించడం దీని ఉద్దేశం. రిజర్వును ఎప్పుడు, ఎక్కడ వినియోగించాలన్నదే కంపెనీ కమాండర్ ముందున్న అతి ముఖ్యమైన నిర్ణయం. దానిని ఒకసారి వినియోగించిన తరువాత ఆయన చేతిలో మిగిలేది ఏదీ ఉండదు.

పర్వత యుద్ధంలో ఈ కష్టం ఇనుమడిస్తుంది. సుమారు 15 వేల అడుగుల ఎత్తులో గాలిలో ప్రాణవాయువు తక్కువ. ఆయుధం, మందుగుండు, నీరు మోస్తూ నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందదు. చెట్టు చేమ లేని రాతి వాలులలో దాగడానికి చోటు ఉండదు. పైనున్న కొద్దిమంది కిందినుంచి వచ్చే అనేకులను నిలువరించగలరు. అందుచేత దాడులు రాత్రివేళ జరుగుతాయి, ముందుగా మన శతఘ్నులు లక్ష్యంపై విస్తృతంగా గుండ్లు కురిపిస్తాయి. కార్గిల్‌లో 155 మిల్లీమీటర్ల బోఫోర్స్ శతఘ్నులు ఈ విషయంలో కీలక పాత్ర వహించాయి. అయితే రాళ్ల మధ్య నిర్మించుకున్న బంకర్లు అన్నీ గుండ్లకు కూలిపోవు. చివరి కొద్ది గజాలలో మన గుండ్లు మన జవానులపైనే పడే ప్రమాదం ఉన్నందున కాల్పులు ఆపవలసి వస్తుంది. ఆ చివరి గజాలు పదాతి దళానివే.

జూన్ 28 రాత్రి

1999 జూన్ 28 పౌర్ణమి. దాడి చేసేవారికి చీకటి రక్షణ కవచం. ఆ రాత్రి అది లభించలేదు. ఎక్కేవారికి దారిని చూపిన వెన్నెల, పైనున్నవారికి ఎక్కేవారిని కూడా చూపించింది.

నోల్ స్థావరం పటిష్ఠంగా నిర్మితమైనది. ముందు భాగంలో మందుపాతరలు ఉన్నాయి. దారులన్నీ మెషిన్ గన్‌ల, శతఘ్నుల కాల్పుల పరిధిలో ఉన్నాయి. ఈ స్థావరం త్వరగా చేజిక్కడంపైనే బెటాలియన్ దాడి, ఆపై బ్రిగేడ్ దాడి ఆధారపడి ఉన్నాయని పురస్కార ప్రశంసాపత్రం పేర్కొన్నది.

దాడి ఆరంభంలోనే విఘాతం ఏర్పడింది. శత్రు శతఘ్నుల గుండ్లు నేరుగా ముందు నడుస్తున్న ప్లాటూనుపై పడ్డాయి. అనేకులు నేలకొరిగారు, అనేకులు గాయపడ్డారు. దాడి ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఇటువంటి సమయంలో కంపెనీ కమాండర్ ముందు మూడు మార్గాలు ఉంటాయి. వెనుకకు తగ్గి మరో రాత్రి ప్రయత్నించడం మొదటిది. ఉన్నచోటనే రక్షణ తీసుకుని సహాయం కోసం నిరీక్షించడం రెండవది. అయితే వాలుపై గుండ్ల వర్షంలో నిలిచిపోయిన దళానికి ప్రతి నిమిషం కొత్త నష్టమే. తెల్లవారితే ఆ వాలుపై ఉన్నవారెవరికీ రక్షణ లేదు. మూడవది రిజర్వు ప్లాటూనును వినియోగించడం.

మేజర్ ఆచార్య మూడవ మార్గాన్ని ఎంచుకున్నారు. రిజర్వు ప్లాటూనును పంపి తాను వెనుక నిలవలేదు. గుండ్లు పడుతున్న ఆ వాలులో దానికి తానే ముందు నడిచారు. పక్కన జవానులు పడిపోతున్నప్పటికీ మిగిలినవారిని ఉత్సాహపరుస్తూ నిటారుగా ఉన్న రాతి వాలుపైకి దాడిని నడిపించారు. తూటాల మధ్య పాకుతూ శత్రు బంకర్ వద్దకు చేరి, దానిలోనికి గ్రెనేడ్లు విసిరారు.

ఈ ప్రయత్నంలో ఆయన తీవ్రంగా గాయపడ్డారు. కదలలేని స్థితిలో పడిపోయారు. గాయపడిన అధికారిని సురక్షిత స్థలానికి చేర్చడానికి కొందరు జవానులు ఆగితే, ఆ మేరకు దాడి చేసేవారి సంఖ్య తగ్గుతుంది. చివరి గజాలలో అంతమాత్రపు తగ్గుదలే గెలుపోటములను నిర్ణయించగలదు. తనను అక్కడే వదిలి శత్రువుపైకి వెళ్లవలసిందిగా ఆచార్య జవానులను ఆదేశించారు. తాను పడిన చోటు నుంచే శత్రువుపై కాల్పులు కొనసాగించారు. జవానులు ఆజ్ఞను పాటించారు. స్థావరం స్వాధీనమైంది. లక్ష్యం నెరవేరిన అనంతరం మేజర్ ఆచార్య గాయాలతో మరణించారు.

అదే రాత్రి, అదే బెటాలియన్

ఆ రాత్రి పోరాటం ఒక్కరితో ముగిసినది కాదు. ఆచార్య కంపెనీలో ముందు నడిచిన ప్లాటూనుకు నాయకత్వం వహించినవారు యువ అధికారి విజయంత్ థాపర్. 22 సంవత్సరాల ఈ అధికారి సైన్యంలో చేరి అప్పటికి కొన్ని నెలలే అయింది. గుండ్లు పడి చెల్లాచెదురైన తన ప్లాటూనును తిరిగి కూడగట్టుకుని ముందుకు సాగారు. కంపెనీ కమాండర్ నేలకొరిగిన తరువాత కూడా దాడిని కొనసాగించి, శత్రు మెషిన్ గన్‌ను నిర్మూలించే ప్రయత్నంలో ప్రాణాలర్పించారు. ఆయనకు మరణానంతరం వీర చక్ర లభించింది.

నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ నీకెఝాకువో కెంగురూసె ఆర్మీ సర్వీస్ కోర్ అధికారి. పదాతి దళ బెటాలియన్‌లో పనిచేసే నిమిత్తం రెండవ రాజ్‌పుతానా రైఫిల్స్‌కు వచ్చి, దాని ‘ఘాతక్’ ప్లాటూనుకు కమాండర్‌గా ఉన్నారు. బెటాలియన్ లక్ష్యానికి వెళ్లే దారులన్నిటినీ అడ్డగిస్తున్న మెషిన్ గన్ స్థావరాన్ని కొండ చరియ మీదుగా చేరి ధ్వంసం చేయడం ఈ ప్లాటూను కర్తవ్యం. ఉదరంలో గాయమై రక్తస్రావమవుతున్నప్పటికీ ఆయన ముందుకు సాగారు. చివరి రాతి గోడపై బూట్లు జారుతుండగా వాటిని విడిచి, వట్టి కాళ్లతో రాకెట్ లాంచరు మోస్తూ పైకి చేరి శత్రువుపై దాడి చేశారు. ఆయన కూడా తిరిగి రాలేదు. ఆయనకు సైతం మహావీర చక్ర మరణానంతరం ప్రకటించబడింది.

ఈ విధంగా తోలోలింగ్, త్రీ పింపుల్స్ పోరాటాలలో వివేక్ గుప్తా, దిగేంద్ర కుమార్, పద్మపాణి ఆచార్య, కెంగురూసె అనే నలుగురు ఒకే బెటాలియన్ నుంచి మహావీర చక్ర పొందారు. పురస్కారాలు పొందినవారి పేర్ల వెనుక, పేర్లు అంతగా ప్రచారంలోకి రాని జవానుల త్యాగం ఉన్నది. కార్గిల్ యుద్ధంలో భారత సైనికులు 527 మంది ప్రాణాలు కోల్పోగా, 1,363 మంది గాయపడ్డారు.

త్రీ పింపుల్స్ సముదాయం స్వాధీనమైన తరువాత దాడులు టైగర్ హిల్ వైపు సాగాయి. జూలై 4న టైగర్ హిల్ శిఖరంపై, జూలై 7న పాయింట్ 4875పై భారత సైన్యం విజయం సాధించింది. జూలై 26న చొరబాటుదారులను పూర్తిగా తొలగించినట్లు ప్రకటన వెలువడింది.

తండ్రికి రాసిన ఉత్తరం

దాడికి కొద్ది రోజుల ముందు మేజర్ ఆచార్య తన తండ్రికి రాసిన ఉత్తరం ఆయన మరణానంతరం పత్రికలలో ప్రచురితమై దేశమంతటా ప్రచారం పొందింది. యుద్ధంలో పాల్గొనడం తనకు లభించిన గౌరవమని, తన గురించి కలత చెందవద్దని అందులో తెలియజేశారు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పవలసిందిగా, తద్వారా పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని తండ్రిని కోరారు. గర్భంలోనే పద్మవ్యూహ రహస్యం విన్న అభిమన్యుని కథ తెలిసినవారికి ఈ కోరికలోని భావం విడమరచి చెప్పనవసరం లేదు. ఆయన మరణించిన కొన్ని నెలలకు కుమార్తె జన్మించింది. తండ్రిని చూడని ఆ కుమార్తె పెరిగి పెద్దయిన తరువాత తండ్రి జీవితంపై పుస్తకం రచించారు.

మహావీర చక్ర: స్వరూపం, స్థానం

స్వతంత్ర భారతదేశం తన సైనిక శౌర్య పురస్కారాలను 1950 జనవరి 26న నెలకొల్పింది. 1947 ఆగస్టు 15 నుంచి వర్తించే విధంగా ఇవి అమలులోకి వచ్చాయి. యుద్ధ కాలపు పురస్కారాలు మూడు: పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. శత్రువు సమక్షంలో నేలపై గాని, సముద్రంలో గాని, ఆకాశంలో గాని ప్రదర్శించిన శౌర్యానికి ఇవి లభిస్తాయి. అత్యున్నత శౌర్యానికి, ఆత్మత్యాగానికి పరమవీర చక్ర, విశిష్ట శౌర్యానికి మహావీర చక్ర, శౌర్య కృత్యానికి వీర చక్ర అని నిబంధనలు వీటిని వర్గీకరిస్తున్నాయి. శత్రువు ఎదుట కాక ఇతర సందర్భాలలో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. ప్రాధాన్య క్రమంలో పరమవీర చక్ర, అశోక చక్ర, మహావీర చక్ర, కీర్తి చక్ర, వీర చక్ర, శౌర్య చక్ర వరుసగా వస్తాయి.

మహావీర చక్ర వెండితో చేసిన వృత్తాకార పతకం. దానిపై ఐదు కోణాల నక్షత్రం, మధ్యలో బంగారు పూతతో రాజముద్ర ఉంటాయి. రిబ్బను సగం తెలుపు, సగం నారింజ రంగులో ఉంటుంది. పొందినవారు మళ్లీ అటువంటి శౌర్యం ప్రదర్శిస్తే రిబ్బనుపై ‘బార్’ చేరుతుంది. హోదాతో నిమిత్తం లేకుండా త్రివిధ దళాలలోని స్త్రీ పురుషులందరూ దీనికి అర్హులు. కార్గిల్‌లో సిపాయి నుంచి మేజర్ వరకు వివిధ హోదాలవారికి ఇది లభించడం ఈ విషయాన్ని రుజువు చేస్తున్నది.

యుద్ధ ప్రకటన వెలువడితేనే ఈ పురస్కారాలు ఇస్తారన్నది అపోహ. కార్గిల్ సందర్భంలో కూడా లాంఛనంగా యుద్ధ ప్రకటన జరగలేదు. ‘శత్రువు సమక్షం’ అన్నదే ప్రాతిపదిక. ఈ కారణంగానే 2020 జూన్ 15న గల్వాన్ లోయ ఘర్షణలో మరణించిన 16వ బీహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి, తెలంగాణలోని సూర్యాపేటకు చెందిన కర్నల్ బి. సంతోష్ బాబుకు 2021లో మరణానంతరం మహావీర చక్ర ప్రకటించడం జరిగింది. రెండు దశాబ్దాల వ్యవధిలో, రెండు వేర్వేరు సరిహద్దులలో, ఈ ప్రాంతంతో అనుబంధం గల ఇద్దరు పదాతి దళ అధికారులు ఈ గౌరవానికి పాత్రులయ్యారు.

ప్రస్తావనలో గమనించవలసిన అంశాలు

కార్గిల్ వీరుల గురించి వార్తలు, ప్రసంగ పాఠాలు, స్మారక ఫలకాలు రూపొందించే సందర్భాలలో కొన్ని పొరపాట్లు తరచుగా చోటుచేసుకుంటున్నాయి. మేజర్ ఆచార్యకు లభించినది మహావీర చక్ర. ఇది పరమవీర చక్ర కాదు. కార్గిల్ యుద్ధంలో పరమవీర చక్ర నలుగురికి లభించింది. కెప్టెన్ విక్రమ్ బత్రా, లెఫ్టినెంట్ మనోజ్ కుమార్ పాండేలకు మరణానంతరం, గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్, రైఫిల్‌మన్ సంజయ్ కుమార్‌లకు సజీవులుగా ఇది ప్రదానమైంది.

ఆచార్య రాజ్‌పుతానా రైఫిల్స్ అధికారి. రాజ్‌పుత్ రెజిమెంట్ వేరు, రాజ్‌పుతానా రైఫిల్స్ వేరు. ఆయన ప్రాణాలర్పించినది నోల్ పోరాటంలో. తోలోలింగ్ శిఖరం అంతకు రెండు వారాల ముందే స్వాధీనమైంది. టైగర్ హిల్ పోరాటం ఆయన మరణానంతరం జరిగింది. ఈ తేదీల క్రమాన్ని దృష్టిలో ఉంచుకుంటే పొరపాట్లకు తావుండదు. కార్గిల్, ద్రాస్ ప్రాంతాలు 1999లో జమ్ము కాశ్మీర్ రాష్ట్రంలో భాగం కాగా, 2019 అక్టోబరు 31 నుంచి లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నాయి.

2003లో విడుదలైన హిందీ చిత్రం ‘ఎల్ఓసీ కార్గిల్’లో మేజర్ ఆచార్య పాత్రను తెలుగు నటుడు అక్కినేని నాగార్జున పోషించారు. ఆ చిత్రం ద్వారా ఆయన పేరు మరింత మందికి చేరింది. అయితే చలనచిత్రంలోని సంభాషణలు, సన్నివేశాలు చారిత్రక ఆధారాలు కావు. పోరాట వివరాలకు పురస్కార ప్రశంసాపత్రమే ప్రామాణికం.

స్మృతి, గుణపాఠం

కార్గిల్ అనుభవాలను సమీక్షించేందుకు 1999 జూలైలో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ప్రభుత్వం సమీక్షా సంఘాన్ని నియమించింది. నిఘా వ్యవస్థ, సరిహద్దు నిర్వహణ, త్రివిధ దళాల సమన్వయం వంటి అంశాలను ఆ సంఘం పరిశీలించింది. దాని నివేదిక 2000 సంవత్సరంలో పార్లమెంటు ముందుకు వచ్చింది. శిఖరాలు శత్రువు చేతికి చిక్కడానికి దారితీసిన లోపాలు ఏవైనప్పటికీ, వాటిని తిరిగి సంపాదించే మూల్యాన్ని చెల్లించినవారు కంపెనీలలో, ప్లాటూన్లలో ఉన్న యువకులు. ముందస్తు సమాచారం, సరైన పరికరాలు, దళాల మధ్య సమన్వయం అనే విషయాలు కార్యాలయాలలోని దస్త్రాలకు పరిమితమైనవి కావని, వాటిలోని ప్రతి లోటు చివరకు కొండ వాలుపై ఉన్న జవాను భారమవుతుందని నోల్ పోరాటం తెలియజేస్తున్నది.

తోలోలింగ్ పాదభాగంలో, ద్రాస్ వద్ద రహదారి పక్కనే నిర్మించిన యుద్ధ స్మారకంలో అమరుల పేర్లు చెక్కబడి ఉన్నాయి. న్యూఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రంలో స్వాతంత్ర్యానంతరం దేశ రక్షణలో మరణించిన సైనికుల పేర్లు రాతి ఫలకాలపై నమోదయ్యాయి. మేజర్ పద్మపాణి ఆచార్య, ఆ రాత్రి ఆయన ఆజ్ఞ మేరకు ఆయనను దాటి పైకి వెళ్లి తిరిగిరాని జవానులు ఈ పేర్లలో ఉన్నారు. వారు స్వాధీనం చేసుకున్న ఎత్తుల దిగువన శ్రీనగర్–లేహ్ రహదారిపై వేసవిలో సైనిక వాహనాలు, సరుకు లారీలు, యాత్రికుల బస్సులు నిరాటంకంగా సాగుతున్నాయి.